ఆరు బొక్కల కొమ్ము

"ఏమప్పా ఆదిమూలం, నీ కొమ్ముకు ఒక్క బొక్కన్నా ల్యాదే, సినిమా పాట యాడ్నించి వస్తాది?"

1979లో వడమాలపేట దగ్గర ఒక పల్లెలో జాతర కమిటీ పెద్ద జయరావు అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు రైసుమిల్లు ఉంది. ఆ ఏడు పుత్తూరు నుంచి బ్యాండు మేళం తెప్పించాలని ఆయన మనసు. మూడు మీటల ట్రంపెట్టు ఏ పాటనైనా వాయిస్తుంది. ఆదిమూలం కొమ్ముకు మీటలూ లేవు, వేళ్లతో మూసి తెరిచే బొక్కలూ లేవు. ఆరడుగుల వంకర ఇత్తడి గొట్టం, అంతే. జాతరకు ఊదితే అరవై రూపాయలు, రెండు మూటల వడ్లు. ఆ వడ్లతోనే ఆ ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలిగేది.

కొమ్ములో అమ్మవారి ఊపిరి ఉంటుందని ఊళ్లో చెబుతారు. ఉండేది ఆదిమూలం ఊపిరే. పెదవులు బిగించి ఊదితే స్వరం పైకి లేస్తుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. అలా ఒకే గొట్టంలోంచి నాలుగు స్వరాలు రాబట్టేవాడు. వాటి నడుమ స్వరాలు ఆ గొట్టంలో లేవు, ఎంత ఊదినా రావు. నలభై ఏళ్లు ఊదీ ఊదీ పై పెదవి కాయ కాచింది. వేడన్నం తగిలితే మండేది.

"దీంట్లో పాటల్యావు సామీ, పిలుపే ఉండాది" అన్నాడు ఆదిమూలం.

"ల్యాకపోతే పెట్టిస్తాం. నాదస్వరానికి బొక్కలు ల్యావా ఏంది? ఖర్చు కమిటీది."

కుదరదని ఆదిమూలానికి తెలుసు. కాదంటే జాతర పోతుందనీ తెలుసు. ఒప్పుకున్నాడు. తిరుపతిలో కంచరి దేవరాజులు కొమ్మును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేమన్నా పిల్లనగ్రోవా అబ్బా? చెడిపోతాది."

"చెడిపోనీ. పెట్టు."

ఆరు బొక్కలు పడ్డాయి. చివరి రెండింటి నడుమ ఇత్తడి చీలింది.

మంగళవారం మధ్యాహ్నం జాతర. కొమ్ము మూడుసార్లు పలికితేగానీ అమ్మవారిని గుడిలోంచి లేపరు. ఆదిమూలం ఊదాడు. ఊదిన గాలి ఊదినట్టే బొక్కల్లోంచి పోయింది.

"ఏం మామా, కొమ్ముకు ఆయాసమొచ్చిందా?" అని గుంపులోంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు.

వేళ్లతో మూద్దామంటే రెండు చేతులూ కొమ్మును ఎత్తిపట్టడానికే సరిపోయాయి. మైనం పెట్టాడు, ఎండకు జారింది. అప్పుడు అతని భార్య మునిలక్ష్మి ఒక గుడ్డ తడిపి గొట్టానికి చుట్టి, రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఆడమనిషి కొమ్ము తాకకూడదు!" అని అరిచాడు జయరావు.

"బొక్కలు పెట్టిచ్చినోడు మగోడే గదా సామీ. రాండి, మీరే పట్టుకోండి."

జయరావు రాలేదు. కింది స్వరం ఒక్కటే, బొంగురుగా, మూడుసార్లు పలికింది. మోసేవాళ్లు అప్పటికే గంటసేపు ఎండలో మాడారు. వాళ్లకు ఆ మాత్రం చాలు. అమ్మవారు లేచింది.

సగం గొంతే వచ్చిందని కమిటీ సగం కూలే ఇచ్చింది. వచ్చే ఏడు జాతర దక్కాలంటే బొక్కలూ చీలికా ఉన్న ముక్క మొత్తం తీసేసి కొత్త గొట్టం వేయించక తప్పదు. దేవరాజులు నూట పది రూపాయలవుతుందన్నాడు. ఆదిమూలం మిల్లుకు వెళ్లి అడిగాడు.

"బొక్కలు పెట్టించేదానికి ఒప్పుకున్నాం గానీ, పూడ్సేదానికి ఒప్పుకున్నామా?" అన్నాడు జయరావు.

దేవరాజులు అప్పు మీద చేసిచ్చాడు. మరుసటి ఏడు కొమ్ము నాలుగు స్వరాలూ పలికింది, జాతర నిలిచింది. కూలి మాత్రం ముప్పై రూపాయలు, ఒక మూట దగ్గరే ఆగిపోయింది. అందులోంచి ఆదిమూలం ఏటా పది రూపాయలు కట్టాడు. 1985 జాతర తర్వాత పెదవి బిగువు పోయి ఊదడం మానేశాడు. దేవరాజులుకు ఇంకా యాభై రూపాయలు బాకీ ఉంది.