కవాదా చెయ్యి పెట్టిన మిర్చి కుప్ప

జయరావు మాస్టారి కొడుకు శ్యామ్ సుందర్ జపానులో దిగిన రోజున అక్కడి భూకంపం లేచి నిలబడి నమస్కారం పెట్టిందని పెదకాకానిలో చెప్పుకుంటారు. మొదటి విందులో ముక్కులదరగొట్టే పచ్చముద్ద ఏదో వడ్డిస్తే, గోంగూర పచ్చడనుకుని ఇంత తీసి నోట్లో వేసుకుని, కంట తడి లేకుండా మారు అడిగాడట. ఇందులో సగం కోతలే. భూకంపం కూర్చునే ఉంది.

మిగతాది మాత్రం నికార్సయిన నిజం. తొంభై ఏడులో విదేశాంగ సర్వీసుకు ఎంపికై, తోటివాళ్లు ఫ్రెంచి కోసం ఎగబడుతుంటే ఆయన జపనీసు అడిగి తీసుకున్నాడు. రెండేళ్లు టోక్యోలో పసిపిల్లాడిలా అక్షరాలు దిద్దాడు. తరవాత సియోలులో నూలు ఎగుమతి పేచీలు, మళ్లీ టోక్యోలో వాణిజ్య విభాగం. తూర్పు దేశాలవాళ్లు ఏం కొంటారు, ఏది వద్దంటారు, ఎందుకు వద్దంటారు, ఇదే ఆయన కొలువు. పెద్ద పెద్ద ఒప్పందాల ఫైళ్లన్నీ తోటివాళ్లకు పోగా, ఈయన చంకకు మిరపకాయల ఫైలు అంటుకుంది.

బూజు విషం ఉందని ఒకసారి మన కాయను జపాను రేవులోంచే తిప్పి పంపారు. ఆ తలుపు మళ్లీ తీయించాలని ఒక మసాలా కంపెనీ చుట్టూ మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు శ్యామ్. అక్కడ సరుకు చూసే పెద్దమనిషి కవాదా. అరవై దాటినవాడు, నవ్వు పొదుపు. "ఎండిన కాయకు మావాళ్లు నీటిచుక్క తగలనివ్వరు" అని శ్యామ్ కంపెనీవాళ్ల నిండు సభలో మాట ఇస్తేగానీ, తన సొంతూరు పెదకాకాని వచ్చి కాయ చూడటానికి ఆయన కదల్లేదు. ఈ రాక చెడితే ఫైలు మూతపడుతుంది, టోక్యోలో శ్యామ్ మాటకు ఇక విలువుండదు.

రెండువేల అయిదు మార్చిలో, మంచి ఎండపూట, ఇద్దరూ ఊరి వ్యాపారి మీరా హుస్సేన్ మిర్చి షెడ్డులోకి అడుగుపెట్టారు. కుప్ప నిగనిగలాడుతోంది. అతిథి వస్తున్నాడని, కాయలు ఏరే ఆడవాళ్ల మేస్త్రీ జానీబీ ఆ పొద్దున దాని మీద రెండు బిందెలు ఎక్కువే చిలకరించింది మరి. కవాదా మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. తీసి, వేళ్లు ఒకదానికొకటి రాసుకున్నాడు. నిన్న ఇక్కడ వాన పడిందా అని జపనీసులో అడిగాడు.

శ్యామ్‌కు ఆ తడి ఎక్కడిదో తెలుసు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాడు, బస్తాల్లో తొక్కేముందు కాయ మీద నీళ్లు చల్లడం. అన్నం ముందు చెయ్యి కడుక్కున్నంత మామూలు సంగతి. అందుకే సభలో మాట ఇచ్చేటప్పుడు ఆ బిందెలు ఆయనకు గుర్తే రాలేదు.

మీరా హుస్సేన్‌కు భాష రాకపోయినా వేళ్లు అర్థమయ్యాయి. చెవి దగ్గరికి వచ్చి, "మంచు పడిందని చెప్పండి సార్. మీ నోట్లో మాటే కదా, ఆయనకెట్టా తెలుస్తది?" అన్నాడు.

మంచుకు జపనీసు మాట శ్యామ్ నాలుక చివరే ఉంది. మింగేశాడు. వాన కాదు, మావాళ్లే చల్లారు, మీకిచ్చిన మాట తప్పు, అని తలవంచి చెప్పాడు. మీరా హుస్సేన్ తలపాగా తీసి పక్కనున్న టిక్కీ బస్తా మీద కొట్టాడు.

కవాదా నాలుగు నిమిషాలపాటు కాయలు ఒక్కొక్కటే విరిచి చూశాడు. ఆ నాలుగూ అరగంటని మీరా హుస్సేన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. చివరికి కవాదా, ఎందుకు చల్లుతారని అడిగాడు. శ్యామ్ ఆ ప్రశ్నను జానీబీకి అప్పజెప్పాడు.

"పొడికాయ తొక్కితే పగిలి పిండైపోద్ది మాస్టారబ్బాయ్. పిండైన కాయ ఎవరు కొంటారు?"

శ్యామ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కవాదా తెల్లబోయి, మేం ఎలాగూ పిండే పట్టిస్తాం కదా అన్నాడు.

జానీబీ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆ ముక్క ఇన్నేళ్లూ మాకు చెప్పలేదేం, నువ్వు అక్కడే ఉంటివి గదా?"



ఆ కుప్ప వద్దన్నాడు కవాదా. రేపు కల్లంలోంచి తడపకుండా, తన కళ్లముందే ఎత్తిన కాయ ఒక్క కంటైనర్ తీసుకుంటానన్నాడు. అదీ వెనక్కొస్తే తన గుమ్మం తొక్కొద్దన్నాడు. శ్యామ్ వెంటనే టోక్యోలో పై అధికారికి ఫోను చేసి జరిగింది విప్పి చెప్పాడు. తెలిసే ఆ మాట ఇచ్చారా అని ఆయన అడిగాడు.

"పుట్టినప్పటినుంచీ తెలుసండి. తెలిసినట్టు తెలియలేదు."

అవతల ఫోను పెట్టేశారు. నెల తిరక్కుండా శ్యామ్‌ను ఢిల్లీలో, కిటికీ లేని గదికి మార్చారు.

ఆ కంటైనర్ కాయ పరీక్ష కాగితం మేలో టోక్యో ఆఫీసుకు వచ్చింది. శ్యామ్ పాత కుర్చీలోని కొత్తాయన దాన్ని చదివి, దస్త్రంలో పెట్టి, భోజనానికి వెళ్లాడు. కాయ నెగ్గింది. ఆ కబురు ఢిల్లీకి చేరవేసింది మీరా హుస్సేనే, ముందు రెండు తిట్లు తిట్టాకే.