నలభై మూడు పళ్లకు బదులు ముప్పై తొమ్మిది

2002లో నేను అనంతపురంలో మా మేనమామ నడిపే స్పేర్ పార్ట్స్ అంగట్లో కౌంటర్ మీద పనికి కుదిరాను. ఇంటర్ అయిపోయి, దూరవిద్యలో బీఏకు ఫీజు కట్టి ఇంట్లో ఉంటే, ఊరికే కూర్చోవడమెందుకని మామ రమ్మన్నాడు. జీపులు, టెంపోలు, పాత వ్యాన్ల సామాన్లు అమ్మే చోటు అది. గోడల నిండా అట్టపెట్టెలు, వాటి మీద నంబర్లు. మనుషులతో మాట్లాడటం కంటే ఆ నంబర్లు చదవటమే నాకు సులభంగా ఉండేది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ బీరువాలో దొరికిన ఇంగ్లీషు వర్క్‌షాప్ మాన్యువల్‌ను నవల చదివినట్టు చదివేదాన్ని. ఆ తర్వాత ఆ రోజు వచ్చిపోయినవాళ్ల గురించి డైరీలో నాలుగు మాటలు రాసుకునేదాన్ని.

మా వైపు అంగళ్లలో ఒక పద్ధతి ఉంది. పార్టు నంబరు ఎవరూ చెప్పరు. విరిగిన ముక్కను పేపర్లోనో గోనెగుడ్డలోనో చుట్టి తెచ్చి కౌంటర్ మీద పెడతారు. దాన్ని శాంపిల్ అంటారు. మేము కొత్తదాన్ని తీసి దాని పక్కన పెట్టి, సైజు చూసి, బోల్టు బొక్కలు చూసి, సరిపోతే కట్టి ఇస్తాం. బండిని చూడం. ఎక్కడ తిరుగుతుందో అడగం. చాలాసార్లు ఈ పద్ధతి బాగానే నడుస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు.

తిప్పేస్వామి అనే ఆయన ఆ అక్టోబరులో మొదటిసారి వచ్చాడు. గుమ్మఘట్ట అవతల, వేదవతి ఏటికి ఆవలి ఒడ్డున ఆయన పల్లె. నలభై ఏళ్ల మనిషి. మాటల్లో సగం కన్నడం కలిసేది. ఆయనది మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపు. పెట్రోలు ఇంజను పీకి డీజిల్ ఇంజను తానే కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత పాలు తోలడం మొదలయ్యాక వెనక సీట్లు తీసేసి, క్యాన్లు పడిపోకుండా ఇనుప పట్టీలతో గళ్లు చేయించుకున్నాడు. ఏట్లో నీళ్లొచ్చిన రోజు ఇంజను ఆగిపోకూడదని సైలెన్సర్ గొట్టాన్ని టాపు మీదికి వంచాడు. బండిని మెకానిక్ చేతికి ఇచ్చే మనిషి కాదు.

"నా బండికి జొరమొస్తే నేనే డాక్టరు, నేనే కాంపౌండరు," అనేవాడు.

ఆ రోజు ఆయన తెచ్చిన శాంపిల్ వెనక ఇరుసు క్రౌన్. ఇరుసు నడుమ ఉండే పెద్ద పళ్లచక్రాన్ని క్రౌన్ అంటారు, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటారు. రెండూ జతగానే మార్చాలి. ఆయన క్రౌన్‌లో సగం పళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఓపిక పడితే మొదళ్లు చూసి లెక్కపెట్టవచ్చు. నేను పట్టలేదు. మామ భోజనానికి వెళ్లాడు. కొత్త క్రౌన్‌ను పాతదాని మీద పెట్టి చూశాను. చుట్టుకొలత సరిపోయింది, బొక్కలన్నీ కలిశాయి. కట్టి ఇచ్చాను.

వరుసగా వానలు లేక వేరుశనగ ఎండిపోతున్న ఏళ్లవి. ఆయన పల్లెలో ఇళ్లకు మిగిలింది పాడి ఒక్కటే. ఆ పాలను రోజూ పొద్దున ఏరు దాటించి డెయిరీవాళ్ల చిల్లింగ్ సెంటర్‌కు చేర్చే రూటు నవంబరులో ఆయనకు దొరికింది. ఏట్లో నీళ్లుండవు, ఇసుక ఉంటుంది. మామూలుగా జీపుకు వెనక చక్రాలే తిరుగుతాయి. ఇసుకలో దిగబడకుండా చిన్న లివర్ వేస్తే ముందు చక్రాలకూ ఇంజను బలం పోతుంది. దాన్నే ఫోర్ వీల్ అంటారు. అంతకుముందు ఆయనకు దానితో పెద్దగా అవసరం పడలేదు. ఇప్పుడు రోజూ కావాలి.

నెల తిరక్కముందే వచ్చి క్రాస్ కొనుక్కుపోయాడు. ముందు ఇరుసుకు బలాన్ని మోసే రాడ్డును ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. దాని కీలులో కూడిక గుర్తు ఆకారంలో ఉండే ముక్క క్రాస్. ఫిబ్రవరిలో మళ్లీ వచ్చాడు.

"మళ్లా తెగింది పాపా. ఇంగోటియ్యి."

"అదే క్రాసా అన్నా?"

"అదే. ఇసకలో ఎట్లనో వస్తాది. గట్టెక్కి గట్టినేల మీదికి వస్తానే మూలుగుతాది చూడు, ముసలెద్దు మాదిరి. లివరు గుంజితే రాదు. ఆమీదట ఠప్‌మంటాది, అంతే."

లోపలినుంచి మామ, "ఈమధ్య మాలే బాగ రావడంలేదప్పా. ఈసారి మంచిదియ్యమ్మా ఆయనకు," అన్నాడు.

మంచిదే ఇచ్చాను. కానీ ఆ మూలుగు మాట నా చెవిలో ఉండిపోయింది. మధ్యాహ్నం మాన్యువల్ తీసి వెతికాను. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ క్రౌన్, పినియన్ పళ్ల లెక్క ఒకటే ఉండాలని, తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయని అందులో ఉంది. ఇసుకలో చక్రాలు జారతాయి కాబట్టి ఆ పోట్లాట కొంత తీరిపోతుంది. గట్టినేల మీద తీరదు. ఏది బలహీనమో అది తెగుతుంది.

డైరీలో అక్టోబరు పేజీ తీశాను. పెట్టె మీది నంబరు కూడా రాసుకునే అలవాటు నాది. ఆ నంబరుది క్రౌన్‌కు ముప్పై తొమ్మిది పళ్లు, పినియన్‌కు ఎనిమిది. ఆ పాత మిలిటరీ జీపులకు రావలసింది నలభై మూడుకు ఎనిమిది. సైజు ఒకటే, బొక్కలు ఒకటే.

తెలిసిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. మామకు చెబితే అంగడి పరువు పోతుంది. ఆయనకు చెబుదామంటే పల్లెలో ఫోను లేదు. కార్డు రాయవచ్చు, రాయలేదు. ఒకవేళ నా అనుమానమే తప్పేమో, కొత్త క్రాస్ ఆగుతుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. పది రోజులు అలా గడిచాయి.

పదకొండో రోజు శుక్రవారం. పొద్దున పదిన్నరకు జీపు అంగడి ముందు ఆగింది. తిప్పేస్వామి చేతిలో శాంపిల్ లేదు. ముందు షాఫ్ట్ మొత్తం విప్పి వెనక పడేసి, రోడ్డు మీద వెనక చక్రాలతోనే నడుపుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, ఈసారి ఖాళీ చేతుల్తో వచ్చినావే?" అన్నాడు మామ.

"ఏం కొనేదిలేన్నా. పాతినుము కొనే గుజిరీ ఆయప్ప యాడుంటాడో చూపిస్తే బండి ఇచ్చేసి బస్సెక్కుతా." కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు. "నిన్న ఏటిగట్టు మీద తెగింది. ఎండ నెత్తికెక్కిందాక ఆడే పడినాం. నాలుగు క్యాన్ల పాలు, అన్నీ ఇరిగిపాయ. ఇసకలో పోసేస్తి. పాలు పోసిన ఆడోళ్లకు ఏమని చెప్పేది? సెంటర్లో సారు చెప్పేసినాడు, సోమవారం పొద్దున టైముకు రాకపోతే రూటు ఇంగో బండికి పోతాదంట."

నేను అట్టపెట్టెల వైపు తిరిగి, అక్కడినుంచే అన్నాను. "అన్నా, బండి అమ్మొద్దు. తప్పు నాదనుకుంటా."

"ఏందమ్మా?" అన్నాడు మామ.

తిరిగి నిలబడి, అక్టోబరులో నేను ఇచ్చిన క్రౌన్ గురించి చెప్పాను. మామ ముఖం ఎర్రబడింది. తిప్పేస్వామి మాత్రం, "ఎట్ల తెలిసేది అది? మళ్లా ఇప్పల్నా హౌసింగు?" అని అడిగాడు.

ఇరుసు మీది ఆ ఇనుప డబ్బాను విప్పక్కర్లేదు. మాన్యువల్లో ఉన్న ఉపాయం చెప్పాను. వెనక ఒక చక్రాన్ని జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్లో పెట్టి, చక్రం మీదా వెనక షాఫ్ట్ మీదా చాక్‌పీసుతో గీత గీయాలి. రెండో చక్రం నేలను పట్టుకుని ఉంటుంది. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ముందు కూడా అంతే. అక్కడ షాఫ్ట్ లేకపోయినా దాన్ని బిగించే ప్లేటు తిరుగుతుంది.

ఎదురు టీ అంగట్లోనుంచి ఇద్దరు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు.

"ఏమన్నా, కౌంటరు మూసి వర్క్‌షాపు పెట్టినావా?" అన్నాడొకడు మామతో.

"పాప కిందికి దూరి చూస్తాండాది, నువ్వు నిలబడి టీ తాగు," అన్నాడు తిప్పేస్వామి చక్రం తిప్పుతూ. "చెప్పు పాపా, ఎన్ని?"

వెనక షాఫ్ట్ ఐదు చుట్లు పూర్తికాకముందే ఆగిపోయింది. ముందు ప్లేటు ఐదు దాటి ఇంకో మూడోవంతు పైనే తిరిగింది. అనుమానం లేకుండా మళ్లీ తిప్పించాను. అంతే వచ్చింది.

ఆయన గొంతుక్కూర్చునే చాక్‌పీసు పొడి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "ఒకే కాడికి కట్టిన ఎద్దులు, ఒకటి పరుగు, ఒకటి నడక. కాడి ఇరక్క ఏం చేస్తాది?" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "పోనీలే పాపా. బిగించినోణ్ణి నేను. నేను మాత్రం పండ్లు లెక్కపెట్టినానా?" అన్నాడు.

ఆ మాటతో అది తేలిపోయి ఉండేది. కానీ వెంటనే అడిగాడు. "ఇంతకీ ఎప్పుడు తెలిసె నీకు?"

ఇప్పుడే అనవచ్చు. నా డైరీ సంగతి ఎవరికీ తెలియదు.

"పోయినసారి నువ్వు వచ్చిపోయిన రోజే అన్నా," అన్నాను.

ఆయన లేచి మామ దగ్గరికి వెళ్లి, "ఆ సెట్టు ఉండాదా అన్నా?" అని అడిగాడు. మా దగ్గర లేదు. మామ నన్ను ఒక్క చూపు చూసి, బళ్లారిలో తనకు తెలిసిన అంగడికి ఫోన్ చేశాడు. "నలభై మూడు, ఎనిమిది. పెట్టె మీది నంబరు కాదప్పా, పండ్లు లెక్కపెట్టి చెప్పు. ఆ, నిలబడతా, లెక్కపెట్టు," అన్నాడు. పార్శిల్‌ను బస్సు కండక్టరు చేతికి ఇమ్మన్నాడు. నాలుగు గంటలకు బస్టాండులో దాన్ని అందుకున్నాం. మామ ఒకసారి, నేను ఒకసారి, తిప్పేస్వామి ఒకసారి పళ్లు లెక్కపెట్టాం. తప్పుడు సెట్టును విప్పాక వాపసు పంపమని, దీనికి ఏమీ ఇవ్వనక్కర్లేదని మామ చెప్పాడు.

బిగించేటప్పుడు పళ్లకు రంగు పూసి తిప్పి, ఆ మరక పంటి నడుమ పడిందో లేదో చూడాలని నేను చెప్పబోయాను. "తెల్సు. రెడ్ ఆక్సైడ్ పూసి చూస్తా," అన్నాడు. అంతకుమించి నాతో మాట్లాడకుండానే బండెక్కాడు.

ఆ సాయంత్రం మామ షట్టర్ దించుతూ, "నాకన్నా చెప్పింటే పోయేది కదమ్మా," అన్నాడు. అంతే.

శని, ఆదివారాలు ఆయన తన ఇంటి ముందు జీపు కింద పడుకుని ఉంటాడని ఊహించుకుంటూ గడిపాను. సోమవారం ఎవరూ రాలేదు, ఫోనూ రాలేదు. మంగళవారమూ అంతే. బుధవారం పన్నెండు గంటలకు జీపు వచ్చింది. చక్రాల సందుల్లో ఇసుక, వెనక కడిగిన ఖాళీ క్యాన్లు.

"ఏమైందప్పా?" అన్నాడు మామ కౌంటర్ దాటి వెళ్లి.

"ఏమైతాదన్నా. సోమవారం నేను పోయేపాటికి సెంటర్లో సారు ఇంకా పండ్లు తోముకుంటాండాడు. గట్టెక్కి లివరు తీస్తే, వెన్నలోనుంచి ఏలు తీసినట్ల వచ్చింది." పాత సెట్టును గోనెగుడ్డతో సహా కౌంటర్ మీద పెట్టాడు. మామ దాన్ని లోపలికి తీసుకుపోయాక, నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఇను పాపా. పండ్లు తప్పు ఇచ్చినావే, అది మాఫ్. ఎవురికైనా అయితాది. పదిరోజులు నోరు తెరవకుండా ఉండావే, అది మాత్రం మాఫ్ కాదు. నేను కాదులే, ఆ పాలు పోసిన ఆడోళ్లు చెయ్యరు."

కోపంగా అనలేదు. ధర చెప్పినట్టు మామూలుగా అన్నాడు. ఆయన ఒక గ్రీజు డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత కూడా మా అంగడికే వస్తూ ఉన్నాడు.

ఆ జీపు సంగతి తర్వాత మా కౌంటర్ మీద రెండు మార్పులు వచ్చాయి. శాంపిల్‌కు పళ్లుంటే పాతదీ కొత్తదీ లెక్కపెట్టకుండా కట్టం. జీపు సామానైతే, ఫోర్ వీల్ వేస్తారా, బండి ఎక్కడ తిరుగుతుంది అని అడుగుతాం. ఇవి పనిలో నేర్చుకున్నవి, ఎవరైనా నేర్పగలిగినవి. తెలియక చేసిన తప్పు తిప్పేస్వామికి రెండు క్రాసులు తీసుకుంది. తెలిసి మూసుకున్న నోరు నాలుగు క్యాన్ల పాలు తీసుకుంది. ఇప్పుడు కట్టి పంపిన సామాను మీద అనుమానం వస్తే ఆ పూటే కబురు పెడతాను. ఫోను అందని పల్లెకైతే ఆ దారిన పోయే బస్సు కండక్టరుతో చెప్పి పంపుతాను. సగంసార్లు నా అనుమానం తప్పే అవుతుంది, వాళ్లు నవ్వుతారు.