చెప్పుకోలేని జబ్బు

మొన్న డాక్టరు గది బయట కూర్చుని ఉండగా, లోపల ఒకాయన భార్యను పక్కనే పెట్టుకుని తన మగతనం తగ్గిందని మామూలు గొంతుతో చెప్పడం వినబడింది. పందొమ్మిది వందల అరవైల్లో ఖరగ్‌పూర్‌లో నేను నోరు కుట్టుకుని గడిపిన రెండేళ్ళు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

అప్పుడు నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరును. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. ఒక గదిలో అమ్మ, రెండో గదిలో మేమిద్దరం. పెళ్ళయిన మొదటి ఏడాది సవ్యంగానే గడిచింది గాని, తరువాత నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. రైల్వే ఆసుపత్రికి పోదామంటే అక్కడి కాంపౌండరు మా మేనమామ. ఇరుగుపొరుగంతా శ్రీకాకుళం వైపు వాళ్ళే, ఎవరి చెవిన పడినా వారం తిరక్కుండా మా ఊరు చేరిపోతుంది. ఆ రోజుల్లో మన మగవాళ్ళకు ఇంతకన్నా పరువుతక్కువ లేదని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. పిల్లలు లేరని అమ్మ మా ఆవిడనే ఆడిపోసుకునేది, ఆవిడ తలవంచుకుని మాటలు పడేది, నేను వింటూనే అన్నం తినేవాణ్ణి.

ఒకనాడు అమ్మ, “దీనికి కడుపు పండదురా, ఇంకో సంబంధం సూసినాను,” అంది.

మర్నాడే సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళోనే దూరంగా తాల్‌బగీచా పేటలో ఉన్న ఒక ముసలి బెంగాలీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీరసమంటూ మొదలుపెట్టాను. ఆయన తలుపు మూసి వచ్చి, “తెల్లారి లేచేసరికైనా గట్టిపడుతుందా?” అని హిందీలో అడిగారు. ఏడాది పైనుంచీ లేదన్నాను. అయితే ఇది ఒట్టి బెంగ కాకపోవచ్చు, ఒంట్లోనూ ఏదో ఉండి ఉంటుందన్నారు. దాహం సంగతి అడిగి, రక్తపోటు చూసి, పాదాల దగ్గర నాడి పట్టుకుని, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టి, చివరికి నా మూత్రాన్ని నీలిరంగు మందులో కలిపి దీపం మీద కాచారు. అది ఇటుకరంగుకు తిరిగింది.

“షుగరు. జబ్బే గాని తప్పు కాదు,” అన్నారు.

అమ్మకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. “అమ్మా, లోపం దానిది కాదే, నాది. డాక్టరు సూసినాడు,” అన్నాను. అమ్మ మా ఆవిడ వైపు తిరిగి, “నీకు తెలుసేటే?” అంది.

“తెలుసత్తా,” అంది ఆవిడ. అంతే.

సంబంధం మాట మళ్ళీ రాలేదు. పథ్యంతో, మాత్రలతో కొంత కుదుటపడ్డాను, పూర్తిగా కాదు. ఆలస్యంగానైనా ఒక కూతురు పుట్టింది.

ఇప్పుడు ఈ సంగతులు ఎవరైనా ఎవరితోనైనా అనగలుగుతున్నారు, నేనే ఇలా రాసేస్తున్నాను. నా బదులు రెండేళ్ళు మాటలు పడిన మా ఆవిడతో మాత్రం, పొరపాటైంది అని ఒక్కనాడూ అనలేకపోయాను. అనే ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేదు.