వెనక చక్రం సంగతి నాకు ముందే తెలుసు

పొద్దున ఆరు ఇరవైకి మా అన్నయ్య కారు ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టాను. ఊరికి బయల్దేరిన ప్రతిసారీ పెట్టేవే. ఆ కారు వెనక చక్రం ఒకటి పట్టు తప్పి ఉందని అప్పటికే నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం నుంచీ తెలుసు. ఈ మాట పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మోస్తున్నానని అనలేను. మోసిన మనిషి వేరే ఉంది. నేను దాచాను, అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది హుస్సేనీ ఆలంలో ఉమ్మడి కుటుంబం. అన్నయ్యకు బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. పని అయ్యాక పుస్తకాలు, అంతకుమించి ఏమీ లేదు. కారు ఇద్దరం వాడేవాళ్లం. హైవే మీద మలుపు తిరిగేటప్పుడు దాని వెనక భాగం పక్కకు జారినట్టు ఊగేది. సీదా రోడ్డు మీద ఏమీ తెలిసేది కాదు. ఒకరోజు భోజనాల దగ్గర ఆ సంగతి ఎత్తాను.

అన్నయ్య నవ్వాడు. "గీయనకు పుస్తకం పట్టుకుంటే కండ్లు తిరుగుతయ్, కారు పట్టుకుంటే రోడ్డు తిరుగుతది."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ఉండిపోయింది. యాభై దాటిన మనిషికి ఇంత చిన్న మాట అంత లోతుగా దిగుతుందా? దిగింది.

ఎవరికీ చెప్పకుండా కారును యాకుత్‌పురాలో మెకానిక్ ఖాదర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు బానెట్ ఎత్తలేదు. నన్ను నడపమని తాను వెనక సీట్లో కూర్చున్నాడు. చెప్పులు విప్పి రెండు పాదాలూ కారు నేలకు ఆనించాడు. ఔటర్ రింగ్ రోడ్డు దిగే వంపు దగ్గర రెండుసార్లు తిప్పించాడు.

"మీరు స్టీరింగు దిక్కు చూస్తున్నరు సాబ్. బీమారి వెనకుంది. ముందట కూసున్నోనికి సగమే తెలుస్తది."

షెడ్డుకు వచ్చాక కారును జాకీ మీద లేపాడు. వెనక చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ఇనుప కమ్మీ దగ్గర గడ్డపార పెట్టి నెట్టాడు. ఎడమ చక్రం వేలెడు మేర అటూ ఇటూ కదిలింది. కమ్మీ మొదట్లో ఉండాల్సిన రబ్బరు బుష్ చిరిగి వేలాడుతోంది.

"చూసిండ్రా? మలుపుల జోరు మీద పోతే ఈ చక్రం మీ మాట ఇనదు. దాని ఇష్టం వచ్చిన దిక్కు పోతది. నాలుగు రోజులల్ల సామాన్ వస్తది. అప్పటిదాంక హైవే ఎక్కకుర్రి."

"ఇక్కడిక్కడ నడపొచ్చా భాయ్?"

"నడుపుర్రి. చార్మినార్ కాడ ఎవడు ఉరుకుతడు సాబ్, ఉరుకుదామన్నా జాగ ఏది?"

మర్నాడు అన్నయ్యా వదినా శ్రీశైలం వెళ్తారని నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం తింటూ అన్నయ్యే అడిగాడు, కారు ఎక్కడికి తీసుకెళ్లావని. మెకానిక్‌కు చూపించానని చెప్పాను. ఏమన్నాడని అడిగాడు. ఏమీ లేదన్నాడని చెప్పాను.

ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న దగ్గర చాలా ఏళ్లు నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను. వాళ్ల ప్రయాణం ఆగిపోతుందని, అమ్మ బాధపడుతుందని. అవేవీ కావు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు ఊగాలి, అన్నయ్య గుండె జారాలి, తిరిగొచ్చి అందరి ముందు "నువ్వన్నదే నిజంరా" అనాలి. అప్పుడు నేను తాపీగా ఖాదర్ భాయ్ చెప్పినదంతా వినిపించాలి. అదీ నేను కోరుకున్నది. అన్నయ్య భయపడాలనుకున్నాను గానీ చావాలనుకోలేదు. ఈ వాక్యం వెనక కూడా చాలాకాలం దాక్కున్నాను. పక్క సీట్లో వదిన ఉంటుందన్నది నా లెక్కలోకే రాలేదు.

పొద్దున గేటు దగ్గర ఒకసారి నోరు తెరిచాను. మలుపుల్లో మెల్లగా నడపమన్నాను. అమ్మ కసిరింది, పోయేటప్పుడు అపశకునం మాటలేందని. మా ఇంట్లో బయల్దేరేవాళ్లకు జాగ్రత్త కూడా చెప్పరు. ఆ ఆచారం నాకు ఎంత అనువుగా దొరికిందో. నోరు మూసుకున్నాను. కారు నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

ఘాట్ రోడ్డు మలుపులో కారు అడ్డం తిరిగి లోయ వైపు గోడను కొట్టింది. అన్నయ్య అక్కడే పోయాడు. వదిన చెయ్యి విరిగింది. స్పృహ వచ్చాక ఆమె అందరికీ ఒకటే చెప్పింది. మలుపు దగ్గర తాను బత్తాయి ఒలిచివ్వనా అని అడిగిందట. ఆయన తల ఇటు తిప్పాడట. "నేన్ అడగకపోతే ఆయన చూడకపోతుండె."

పోలీసులు అదే రాసుకున్నారు. బంధువులు అదే నమ్మారు. అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ "నా కొడుకును బత్తాయి పండుకు ఇచ్చుకున్న" అని వదిన ఎదుటే అనేది. నేను ఆ గదిలోనే ఉండేవాణ్ణి. పుస్తకం చేతిలో ఉండేది. పేజీ తిప్పేవాణ్ణి.

పదకొండో రోజు ఖాదర్ భాయ్ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి మెల్లగా అడిగాడు.

"మీరు చెప్పినా పోయిండా సాబ్?"

"చెప్పిన భాయ్. ఇనలేదు."

చచ్చిపోయిన మనిషి మీద అది కూడా వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఓదార్చాడు. గ్రీజు మరకలు పోని ఆ చేతిని తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. మురికి ఆయనది కాదు.

వదిన పోయిన నెలలో పోయింది. చివరి వారం కూడా ఆమె పక్కన కూర్చున్నాను, మందులిచ్చాను. ఒక్క వాక్యం చాలు. ఆమెకు వినపడేది, అర్థమయ్యేది. చెప్పలేదు. ఆమె నన్ను మంచివాడనుకుంటూ పోవాలని ఉండింది నాకు. ఆమె తనను తాను ఏమనుకుంటూ పోయిందో నాకు పట్టలేదు. మొన్న మాసికం పెట్టాం. విస్తళ్ల ముందు ఒకావిడ మళ్లీ ఆ బత్తాయి మాట ఎత్తింది. చుట్టూ తలలూపారు. నేను గారెలు మారు వడ్డించుకుని తిన్నాను. రుచిగా ఉన్నాయి కూడా.

ఈ కాగితం వదిన కూతురికి ఇస్తానో లేదో తెలియదు. ఇస్తానని రాస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. మీకు చెప్పాను. చెప్పాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలికను చూసినా రోతగానే ఉంది.

మా ఇంటి పిల్లలకు వదిన ఒక నియమం నేర్పి వెళ్లింది. బండి కదిలాక మా ఇంట్లో ఎవరూ నడిపేవాళ్లతో మాట్లాడరు.