తిరిగే ఇంజన్‌ను విప్పడం

పుంగనూరులో పాత ఆయిల్ ఇంజన్లు విప్పి సామాను అమ్మే ఆదెప్పకు ఒక నియమం ఉంది. విప్పే ముందు ఇంజన్‌ను ఒకసారి తిప్పి చూస్తాడు. పలికితే ముట్టుకోడు. మదనపల్లెలో పని నేర్చుకున్న రోజుల్లో ఇలాంటి ఇంజన్లకు ప్రాణం పోసినవాడు. ఇప్పుడు కోయాల్సి వచ్చినా, చచ్చినదాన్నే కోస్తున్నానని తనకు తాను చెప్పుకోగలగాలి. లేకపోతే అన్నం సహించదు.

సదుం దగ్గరి పల్లె నుంచి శాంతకుమారి కబురు పెట్టింది. ఆమె మామ కాలం నాటి ఇంజన్ ఎండిన బావి పక్క కొట్టంలో ఉంది. ఇత్తడి పేరుపలక, నడుమెత్తు చక్రాలు. వాటిని బెంగళూరులో ఒక హోటలువాళ్ళు అలంకారానికి అడిగారు. లోపలి సామాను శాంతిపురం మునికృష్ణకు కావాలి. కుప్పం చుట్టుపక్కల అలాంటి ఇంజన్‌తో ఇంకా చెరకు గానుగ ఆడిస్తున్నది అతనొక్కడే. మొత్తంగా కొనేవాళ్ళు ఎవరూ లేరు.

ఆదెప్ప డీజిల్ పోసి, చెమటలు కారేదాకా హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ పలకలేదు.

"పానం పొయ్యిందమ్మా," అన్నాడు తేలికపడి.

"అయితే ఇప్పుకో అప్పా."

మొదట డీజిల్ పైపు ఊడదీశాడు. లోపల గుడ్డపేలిక కుక్కి ఉంది. కొత్త గుడ్డ, రంగు కూడా మాయలేదు. తలెత్తేసరికి శాంతకుమారి ఆవు మెడ నిమురుతూ ఎటో చూస్తోంది.

"నువ్వేనా అమ్మా?"

"నేనే. తిరిగితే నువ్వు ఇప్పవంట గదా. నాకు కొట్టం కావాల. ఆవులు వానకు నానతాండాయి."

"బతికుండేదాన్ని నేను కొయ్యనమ్మా."

"కోళ్ళను కొయ్యవా?"

"అది తినేదానికి."

"నేనూ తినేదానికే గదప్పా అమ్మేది. బావిలో సుక్క నీళ్ళు ల్యావు. అది తిరిగి ఏం తోడతాది, గాలినా?"

ఆదెప్ప పేలిక పారేసి పైపు బిగించాడు. ఎందుకు బిగిస్తున్నాడో అతనికే తెలియదు. రెండో తిప్పుకే ఇంజన్ అందుకుంది. రేకులు అదిరాయి, ఆవులు తాళ్ళు గుంజుకున్నాయి. పంపుకు కలిపే బెల్టు ఎప్పుడో పోయింది. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. ఆదెప్ప ఇంజన్ చుట్టూ నడిచాడు, వంగి విన్నాడు. ఒక్క లోపమైనా వినబడితే బాగుండుననుకున్నాడు. వినబడలేదు.

జేబులో ఫోన్ అదిరింది. మునికృష్ణ. "అన్నా, సామాను దొరికిందా? గానుగ నిలిచిపొయ్యింది, కొట్టిన చెరకు ఎండిపోతాండాది. ఆ మోతేంది?"

"ఏం లేదప్పా. రేపు తెస్తాను," అని పెట్టేశాడు. తన చేత్తోనే ఇంజన్ ఆపాడు.

"ఇప్పుతావా?" అంది శాంతకుమారి.

"సల్లారనీమ్మా."

ఆమె మజ్జిగ ఇచ్చింది. లోటా పట్టుకుని కొట్టంలోకి, బయటికి తిరిగాడు. ఇనుము మీద చెయ్యి పెట్టి తీశాడు. కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"ఆ పేలికేదో నాకు కనపడని తావున దోపింటే ఏం పొయ్యిండేదమ్మా?"

"ఇంజన్ల సంగతి నాకేం తెలుసప్పా?"

అడుగు బోల్టులకు వేడి తగలదు. ఆదెప్ప వాటితోనే విప్పడం మొదలుపెట్టాడు.