రెండోసారి విప్పిన ఇరుసు

సత్తిరాజు మొదటి విజయం వెల్ల ఊరి చివర ఒక నీళ్ళింజను దగ్గర. 1966లో చేను పొట్ట మీదున్న రోజుల్లో ఆ ఇంజను ఆగిపోయింది. రామచంద్రపురం నుంచి వచ్చిన ముగ్గురు మెకానిక్కులు చూసి పెదవి విరిచి వెళ్ళిపోయారు. అప్పటికి సత్తిరాజుకి పందొమ్మిదేళ్ళు. ఊరి బళ్ళో అయిదో తరగతితో చదువు ఆపేసినవాడు. నాలుగు రోజులు ఆ ఇంజను పక్కనే కూర్చుని, విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చి, అయిదోనాడు మధ్యాహ్నానికి నీళ్ళు పోయించాడు. పద్దెనిమిది ఎకరాలు బతికాయి.

ద్రాక్షారామంలో షెడ్డు పెట్టాక చేసినవి చెప్పుకుంటే చాలా ఉన్నాయి. జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే ముక్తేశ్వరం పంటు గోదావరి మధ్యలో ఆగిపోతే పడవలో వెళ్ళి అక్కడే ఇంజను బాగుచేసింది సత్తిరాజే. ఇసుకలో దిగబడిన లారీ గేరుబాక్సుని లంకలోనే విప్పి లంకలోనే బిగించిందీ అతనే. తొంభై ఆరు తుపానులో మునిగిన పదకొండు బళ్ళు అతని దగ్గరికి వస్తే పది నడిచాయి. పదకొండోదాన్ని యజమాని తొందరపడి అమ్ముకున్నాడు గాని, లేకపోతే అదీ నడిచేదే. వీటన్నిటికన్నా పెద్దది మరొకటుంది. ముప్పై మూడేళ్ళలో సత్తిరాజు చెయ్యి పడిన బండి ఏదీ అదే జబ్బుతో వెనక్కి రాలేదు.

రిటైరైన లెక్కల మేష్టారు సూర్యప్రకాశం గారికి తండ్రి నుంచి వచ్చిన మారిస్ మైనర్ కారు ఒకటుంది. 1953 నాటిది. దాని వెనక ఇరుసులో రెండు గేర్లుంటాయి. పళ్ళెమంత పెద్దది క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను. తొంభై ఎనిమిది కార్తీకంలో క్రౌను పళ్ళు మూడు విరిగాయి. ఆ సామాను తయారుచెయ్యడం మానేసి ఎన్నేళ్ళయిందో. సత్తిరాజు రాజమండ్రి, కాకినాడల్లో ప్రతి కొట్టూ తిరిగాడు. చివరికి, భార్య లోవలక్ష్మి పుట్టింటి ఊరు తునిలో, ఒక మామిడికాయల వ్యాపారి దొడ్లో అలాంటి కారే కోళ్ళకి గూడుగా పడి ఉందని తెలిసింది. వెళ్ళి విప్పాడు. క్రౌను బాగుంది. పినియను పళ్ళూ బాగానే ఉన్నాయి గాని, కాడ తుప్పుపట్టి ఇరుసులో బిగుసుకుపోయింది. మేష్టారి పినియను అద్దంలా ఉందిగదా అని ఆ బిగుసుకున్నదాన్ని అక్కడే వదిలేసి, క్రౌనొక్కటే తెచ్చుకున్నాడు.

ఆ రెండూ కంపెనీలో ఒకదానితో ఒకటి అరగదీసిన జంట. రెండిటి మీదా ఒకే నెంబరు కొట్టి ఉంటుంది. అది సత్తిరాజుకి తెలియక కాదు. అంతకుముందు రెండు ట్రాక్టర్లకి జత కాని గేర్లే కలిపి బిగించాడు, ఏమీ కాలేదు. అయితే ట్రాక్టరు మోతలో ఏ చప్పుడూ వినపడదు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

బిగించేటప్పుడు ఎప్పటిలాగే సింధూరం నూనెలో కలిపి పళ్ళకి రాసి తిప్పి చూశాడు. రంగు పంటి మధ్యలో చెదిరితే రెండూ సరిగ్గా కూర్చున్నట్టు. ఇక్కడ అంచున చెదిరింది. సన్నటి రేకులు మార్చి నాలుగుసార్లు సర్దినా అంచునే. తిరిగితే అదే సర్దుకుంటుందని మూసేశాడు.

మార్చి పన్నెండున కారు బయటికి తీశారు. మేష్టారు నడుపుతుంటే పక్కన ఆయన భార్య హైమవతి గారు, వెనక, సరిగ్గా ఇరుసు మీద, సత్తిరాజు. కోటిపల్లి రోడ్డెక్కారు.

"ఏవయ్యా సత్తిరాజూ! పల్లకీలా వెళుతోందయ్యా! ఎల్లుండే అన్నవరం!" అన్నారు మేష్టారు.

"యాక్సిలరేటరు ఓసారి వదలండి మేష్టారూ."

"ఆఁ?"

"వదలండీ!"

వదిలారు. సీటు కింద నుంచి సన్నగా ఊళ వచ్చింది. తొక్కితే పోయింది. వదిలితే మళ్ళీ వచ్చింది.

"మీకేమైనా వినిపించిందాండి?"

హైమవతి గారు వెనక్కి తిరిగి నవ్వింది. "ఆయన్నా అడుగుతున్నావు? నేను చెవిలో అరిస్తేనే వినపడదు. నాకేదో పిల్లి అరిచినట్టనిపించిందిలే. పాత కారు కదా, ఆమాత్రం అరవదూ?"

సత్తిరాజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద కలపలేదు. సంగతి విన్న లోవలక్ష్మి, "మెచ్చుకుని తీసుకెళ్ళిన బండిని వెనక్కి రప్పించుకునేవాళ్ళని మిమ్మల్నే చూశానండి. ఆయనకి వినపడదు, ఆవిడ పట్టించుకోరు. మీకేంటంట నొప్పి?" అంది.

"అయిదొందల మైళ్ళు తిరిగేసరికి పళ్ళు రాలతాయే. నడిరోడ్డు మీద ఇరుసు పట్టేస్తే, వెనకొచ్చే లారీవాడికి ఆళ్ళు ముసలోళ్ళని తెలుస్తదా?"

"మరి ముప్పై మూడేళ్ళ పేరో?"

"పోతది. పోనీ."

మర్నాడు పొద్దున్నే మేష్టారింటికి వెళ్ళాడు. వీధరుగు మీద పేపరు చదువుకుంటున్న ఆయనకి రెండుసార్లు చెప్పినా అందలేదు. హైమవతి గారే గొంతు పెంచింది.

"బండి బాగోలేదటండీ!"

"ఎవడన్నాడు?"

"చేసినవాడే అంటున్నాడు!"

మేష్టారు పేపరు మడిచి సత్తిరాజుని పైకీ కిందికీ చూశారు. "నలభై ఏళ్ళు పేపర్లు దిద్దానయ్యా. తన లెక్క తప్పని వచ్చి చెప్పిన కుర్రాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. తీసుకెళ్ళు."

"ఆయ్. దాని జత తెచ్చి బిగిస్తానండి. అన్నవరం మటుకు బస్సులో వెళ్ళి రండి."

ఆ మధ్యాహ్నమే ఇరుసు విప్పాడు. క్రౌను మీద నెంబరు రెండొందల పన్నెండు. కాగితం మీద రాసుకుని, సోమవారం తుని వెళ్ళాడు. దొడ్లో కారు లేదు. కోళ్ళు మాత్రం ఉన్నాయి. పాత ఇనుము కొనేవాడు వారం కిందటే పట్టుకుపోయాడని వ్యాపారి చెప్పాడు. ఆ ఇనుము కొట్టు వెతుక్కుంటూ వెళితే, సరుకంతా లారీలో విజయవాడ ఆటోనగర్‌కి తోలేశానన్నాడు కొట్టువాడు. సత్తిరాజు ఇంటికి తిరగలేదు. దొరికిన రైలెక్కి విజయవాడలో దిగాడు.

గురువారం మేష్టారింట్లో ఫోను మోగింది. హైమవతి గారు ఎత్తింది.

"అమ్మగారూ, సత్తిరాజునండి. యస్టీడీ బూత్ నుంచి. ఇరుసు కనపడిందండి. ఇనప గుట్ట అడుగున ఉంది. మూతి మాత్రం అగపడుతోంది."

"నెంబరు చూశావా?"

"ఇంకా లేదండి. పైనున్న రెండు లారీ ఛాసీలు కోసి తీస్తేగాని అందదు. శనివారానికి తీస్తామంటున్నారు. నా కళ్ళ ముందే విప్పించి, రెండొందల పన్నెండు చూస్తేగాని కదలను. మా ఇంటిదానికి ఓ మాట చెప్పండి."

"మరి వచ్చేదెప్పుడయ్యా?"

సత్తిరాజు చెప్పిన రోజుని ఆవిడ మేష్టారి చెవిలో ఒకసారి, కబురందుకుని వచ్చిన లోవలక్ష్మికి ఒకసారి చెప్పింది. ఆదివారం, మార్చి 21.