మెనెగో బావ కత్తి పెట్టని రోజు

మా బావ మెనెగోది పాదువా పట్నంలో పండ్ల బజారు వెనక మంగలి కొట్టు. గడ్డాలు గీసేది పేరుకే, అసలు రాబడంతా నెత్తురు తియ్యడంలోనే. వసంతం వచ్చిందంటే చాలు, చెడు నెత్తురు పోతే ఒంటికి మంచిదని జబ్బున్నవాడూ లేనివాడూ, ఊరు ఊరంతా చెయ్యి చాపుకుని వచ్చేసేది. ఈయన కూనిరాగాలు తీస్తూ నరం కోసి గిన్నె నింపేవాడు. చెయ్యి వణకడమన్నది ఎరగడు మహానుభావుడు!

ఆ ఏడు మా అక్క ఒర్సోలాకి కుడి డొక్కలో పోటు, ఒళ్లు కాలిపోయే జ్వరం. ఊపిరి పీలిస్తే కేక. దీనికి నెత్తురు తియ్యకపోతే మనిషి దక్కదని మా అందరి నమ్మకం. ఏ చెయ్యి కొయ్యాలో డాక్టరు చెప్పాలి, మంగలి కొయ్యాలి. బావ కంగారులో ఇద్దరు డాక్టర్లని పిలిచి కూర్చున్నాడు.

"ఎడమ చెయ్యి కొయ్యి. నొప్పికి ఎదురు వైపు. మా గురువుల నాటి నుంచీ ఇంతే" అన్నాడు ముసలాయన పెల్లెగ్రీనో.

కుర్ర డాక్టరు లూచిలియో విరుచుకుపడ్డాడు. "గ్రీకు వైద్యులు రాసిన మూలగ్రంథం ఎప్పుడైనా తెరిచారా? నొప్పి ఉన్న వైపే కొయ్యమని ఉంది. అనువాదానికి అనువాదం చదివి వైద్యాన్ని తగలేశారు!"

"నిన్నగాక మొన్న మీసం మొలిచినవాడివి, నాకు చెబుతావురా?"

"మీసం ఎవరికైనా మొలుస్తుందండీ, గ్రీకు రావద్దూ?"

బావ మంచం పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ముసలాయన కాస్త మెత్తబడితే, "అయితే మీ గురువుగారు అబద్ధం చెప్పారంటారా అయ్యా?" అని ఎగదోసేవాడు. కుర్రాయన అలిసిపోతే వైను పోసి, "ఆ గ్రీకు మాట ఇంకోసారి సెలవివ్వండి" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క పోతుంటే ఈయనకి తగువు వేడుకా! రెక్క పట్టుకుని లాగబోయాను. చూస్తే ఆయన చేతిలో కత్తి గడగడ వణుకుతోంది. రెక్క వదిలేసి నేనూ డాక్టర్లకి వైను పోశాను.

పొద్దు వాలేసరికి అక్కకి చెమటలు పట్టి జ్వరం దిగింది. డాక్టర్లిద్దరూ ఎడమా కుడీ అనుకుంటూనే మెట్లు దిగి పోయారు.

అక్క కళ్లు తెరిచి తన చేతులు రెండూ చూసుకుంది. "ఏమయ్యా, కొయ్యలేదే?"

"నీకు కత్తి పెట్టడానికి చెయ్యి రాలేదే, ఒర్సోలా. ఇలా నిలబడే నిన్ను చంపుకుంటున్నానేమోనని ప్రాణం పోయిందనుకో" అని బావురుమన్నాడు బావ.

"మరి ఊళ్లోవాళ్లకి ఎలా వచ్చిందయ్యా చెయ్యి?" అంది అక్క.

మర్నాడు కొట్టు తెరవగానే బస్తాలు మోసే పియెరో చొక్కా పైకి మడిచి చెయ్యి చాపాడు. బావ ఆ చెయ్యినే చాలాసేపు చూశాడు.

"ఇవాళ గడ్డాలేనయ్యా" అని సబ్బు నురగ కలపడం మొదలుపెట్టాడు.

ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరొచ్చి చెయ్యి చాపినా అదే మాట.